ఓడలో భోజనపుబల్ల

గడచిన వేసవి సెలవులలో మాకు పరిచితులగు నొక కుటుంబమువారు సింగపూరునుండి బయలుదేరు నొక పెద్ద విహారనౌకపై నాలుగు దినములు సముద్రయానము చేసి వచ్చిరి. వారు సముద్రమును గూర్చి చెప్పినది కొంచెము. ఒకనాటి రాత్రి భోజనమును గూర్చి చెప్పినది మెండు. ఆ రాత్రి ప్రయాణికులందఱును మంచి దుస్తులు ధరించి పెద్ద భోజనశాలకు రావలయునని ముందుగనే తెలియజేసిరట. వీరు లోనికి పోయి చూడగా, తెల్లని గుడ్డ పఱచిన బల్లమీద నొక్కొక్కరి యెదుట మూడు ఫోర్కులు, రెండు కత్తులు, మూడు చెంచాలు, నాలుగు గాజుగ్లాసులు, కిరీటమువలె మడచి నిలిపిన చేతిగుడ్డయు నుండెను. ఆ యింటి పెద్దామె వానినన్నిటిని నొకసారి కలయజూచి, "నాకాకలిగా లేదు, మీరు తిని రండు" అని లేవబోయెను. ఆమెకు ఆకలి లేకపోలేదు. ఏది ముందుగ జేతబట్టవలయునో తెలియక, నలుగురిలో నవ్వులపాలగుదునేమో యని భయపడెను.

ఈ సంగతి విన్నది మొదలు మాలో నొక చర్చ పుట్టినది. విహారమునకై పోవు ఓడలో బల్లను ఇంత నియమముగ నమర్చుట యవసరమా? కొందఱు, అది నాగరకతకు లక్షణమనియు, దానిని విడిచినచో భోజనశాలకును పశువులకొట్టమునకును భేదముండదనియు వాదించిరి. మఱికొందఱు, అది తెలియనివారిని చిన్నబుచ్చుటకై ధనవంతులు కల్పించిన డంబమనియు, ఆకలికి అన్నము కావలెను గాని ఫోర్కు కాదనియు వాదించిరి. ఈ రెండు పక్షములలోను కొంత సత్యము కలదు. వానిని విచారించి మాకు దోచిన యభిప్రాయమును చదువరుల యెదుట నుంచుచున్నాము.

ముందుగ నీ యమరిక యెట్లు పుట్టినదో తెలిసికొనుట మంచిది. ఫోర్కు యూరపుఖండమునందు సైతము అనాదినుండి యెల్లరిచేత నున్నది కాదు. థామస్ కోరియట్ అను నాంగ్లేయుడు ఇటలీ మొదలగు దేశములను జూచివచ్చి, 1611వ సంవత్సరమున నొక యాత్రాగ్రంథమును ప్రకటించెను. ఇటలీవారు మాంసమును వ్రేళ్లతో ముట్టక ఫోర్కుతో బట్టి కోయుదురనియు, తానును ఆ యలవాటు చేసికొంటిననియు అందులో వ్రాసెను. ఇంగ్లాండులో ఆతని మిత్రులు దానికై ఆతనిని పరిహసించిరి. అప్పుడు ఫోర్కు పట్టినవాడు నవ్వులపాలయ్యెను. మూడువందల యేండ్లలో పట్టనేరనివాడు నవ్వులపాలగు కాలము వచ్చెను. వస్తువు మాఱలేదు, నవ్వువారి స్వభావమును మాఱలేదు. కావున ఫోర్కు పట్టుటయే మనుష్యుని సంస్కారమునకు కొలబద్దయని చెప్పువారు ఈ చరిత్రను జ్ఞాపకముంచుకొనవలెను.

ఒక్కొక్కరి యెదుట నిన్ని పనిముట్లు చేరుటకును కారణమున్నది. పూర్వము ఫ్రాన్సుదేశపు విందులలో అనేక వంటకములను ఒక్కసారిగ బల్లమీద నుంచుచుండిరి. ఎవరికి కావలసినది వారు తీసికొనుచుండిరి. పందొమ్మిదవ శతాబ్దిలో, ఒక వంటకము ముగిసిన పిమ్మట మఱియొక వంటకమును వడ్డించు పద్ధతి వ్యాపించెను. దానికి రష్యను పద్ధతియని పేరు. సూపు, చేప, మాంసము, తీపివస్తువు వరుసగ వచ్చునపుడు ప్రతిదానికి దాని పనిముట్టును ముందే అమర్చియుంచుట పనివారికి సులభము. అందువలన బల్లమీద వరుసలు పెరిగినవి. చేపకు ప్రత్యేకముగ వెండికత్తి యేర్పడుటకును హేతువు లేకపోలేదు. ఆ దినములలోని యుక్కుకత్తికి నిమ్మరసముగాని పులుపుగాని తగిలినచో కత్తి మచ్చపడి, పదార్థమునకును చెడురుచి వచ్చుచుండెను. 1913లో ఇంగ్లాండునందలి షెఫీల్డు పట్టణమున హ్యారీ బ్రేర్లీ అనునతడు తుప్పుపట్టని యుక్కును తయారుచేసెను. అది వాడుకలోనికి వచ్చినపిమ్మట కారణము పోయినది. చేపకత్తి మాత్రము మిగిలినది. మర్యాదలలో ననేకము లిట్టివే. పుట్టినప్పుడు పనికి వచ్చును. పని తీరినపిమ్మట గౌరవచిహ్నములై నిలుచును.

ఇక నోడల మాట. సముద్రముపై బల్ల వేయుట నేలపై వేయుట వంటిది కాదు. అలలకు ఓడ యొరిగినపుడు పళ్లెములు జారిపోకుండ, బల్లల యంచులకు చిన్న కఱ్ఱకట్టలను బిగించుట నావికుల పాతయలవాటు. బల్లగుడ్డను నీటితో తడిపినచో గిన్నెలు కదలవని వారెఱుగుదురు. ఇట్టి యమరికను డంబమని యెవరును అనజాలరు. ఇది ప్రాణమునకును వస్తువునకును రక్షణ.

అయితే ఓడలు పెద్దవైనకొలది బల్ల మఱియొక పనికిని వచ్చినది. టైటానిక్ ఓడ 1912 ఏప్రిలు 14వ తేది రాత్రి మంచుకొండను దాకినది. ఆనాటి సాయంకాలము ఆ యోడలో మూడు తరగతులవారు మూడు వేఱువేఱు భోజనశాలలలో భుజించిరి. మొదటితరగతి శాలలో అయిదువందలమందికి పైగా నొక్కసారి కూర్చుండవచ్చును. అచ్చట వంటకములు ఒకదాని వెనుక నొకటి వచ్చుచుండెను. మూడవతరగతివారు పొడవైన బల్లలకడ సాదా భోజనము చేయుచుండిరి. ఎవరు ఎచ్చట కూర్చుండవలయునో టికెట్టు నిర్ణయించెను. ఆ భేదమును కంటికి గట్టినట్లు చూపునది బల్లయే. ఆ కాలపు ఓడలలో బల్లయమరిక యొకరికి స్వాగతముగను, మఱియొకరికి సరిహద్దుగను ఉండెను.

కేవలము విహారమునకే ఓడలను నడుపుట అంతకుముందే మొదలైనది. 1891లో ఆగస్టా విక్టోరియా యను జర్మను ఓడ, చలికాలమున ప్రయాణికులు తగ్గుటచే, మధ్యధరాసముద్రమున విహారయాత్ర చేసెను. 1900లో ప్రిన్సెసిన్ విక్టోరియా లూయీసే యను ఓడను విహారమునకే నిర్మించి జలప్రవేశము చేయించిరి. విహారనౌకలు పెద్ద ఓడల భోజనమర్యాదలను వారసత్వముగ బొందినవి. 2000 సంవత్సరము మొదలు నార్వీజియను క్రూజు లైనువారు, నియమితవేళయు నియమితమైన బల్లయు లేక ఇష్టమైనచోట నిష్టమైనపుడు భుజించు పద్ధతిని ప్రవేశపెట్టిరి. 2004లో ప్రయాణము లారంభించిన క్వీన్ మేరీ 2 అను ఓడలో మాత్రము ప్రత్యేక సాయంకాలములకు నిండు వేషమును, పూర్తి బల్లయమరికయు నిలిచియున్నవి. కావున నేటి ప్రయాణికునకు రెండు మార్గములును తెఱచియున్నవి. ప్రశ్న మాత్రము తీరలేదు.

అమరికను సమర్థించువారి మాటలలో మేమంగీకరించునవి రెండు గలవు. మొదటిది, పనియొక్క సౌకర్యము. 2024లో ప్రయాణము లారంభించిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అను ఓడపై ఏడువేలకు మించిన ప్రయాణికులును, రెండువేలకు మించిన పనివారును ఉండవచ్చును. అదియొక చిన్న పట్టణము. అంతమందికి వడ్డించుచోట ప్రతివానిని "ముగిసినదా? ఇంకను కావలెనా?" అని యడుగుచు బోవుట సాధ్యము కాదు. కత్తియు ఫోర్కును ప్రక్కప్రక్కన జేర్చి యుంచినచో ముగిసినదని యర్థము. విడివిడిగ నుంచినచో ఇంకను తినుచున్నాడని యర్థము. భాష తెలియని యతిథికిని, దేశము వేఱైన స్టీవర్డునకును మధ్య మాటలేని సంభాషణ యిది.

రెండవది, గౌరవము. మనము రాకమునుపే మనకొఱకు బల్ల సిద్ధము చేయబడియుండుట, "మీరు వత్తురని యెదురుచూచుచున్నాము" అని చెప్పుట వంటిది. ఇది మనకు క్రొత్త సంగతి కాదు. మన పెండ్లిపందిటిలో విస్తరి వేయునపుడు దాని కొన యెడమవైపునకు రావలెను. ఉప్పు, ఊరగాయ, పచ్చడి, కూర, పప్పు, నెయ్యి దేని చోట దానిని వడ్డింతురు. వడ్డించువాడు వంగి చూడకయే యెచ్చట వేయవలయునో యెఱుగును. విస్తరికి వరుస గలదని యొప్పుకొనువారు బల్లకు వరుస యేలయని యడుగుట న్యాయము కాదు. మన విస్తరిముందు మొదటిసారి కూర్చున్న పరదేశియు, ఫోర్కులముందు కూర్చున్న మన పెద్దామెయు ఒక్కవిధముగనే కలవరపడుదురు.

ఇట్లనుటచేత రెండవ పక్షమువారి యాక్షేపణ తేలికయైనది కాదు. దానికి మాకు తెలిసిన గొప్ప నిదర్శనము గాంధీమహాత్ముని ప్రథమ సముద్రయానము. ఆయన 1888 సెప్టెంబరు 4వ తేదిని, పందొమ్మిదేండ్లు నిండకమునుపే, బొంబాయినుండి క్లైడ్ అను ఓడపై ఇంగ్లాండునకు బయలుదేరెను. కత్తియు ఫోర్కును వాడుట ఆయన కలవాటు లేదు. బల్లమీది వంటకములలో మాంసము కలియనివి యేవో యడుగుటకు ధైర్యము చాలలేదు. అందుచేత భోజనశాలకు పోక, తన గదిలోనే, ఇంటినుండి తెచ్చుకొనిన మిఠాయిలతోను పండ్లతోను కడుపు నింపుకొనుచుండెను. ఈ సంగతి ఆయనయే తన యాత్మకథలో దాచక వ్రాసికొనెను. ఆ యోడలో నాయనను ఎవరును భోజనశాలనుండి వెళ్లగొట్టలేదు. పైగా నొక ఆంగ్లేయ ప్రయాణికుడు ఆదరముతో పలుకరించి, బల్లకడకు రమ్మని సలహా చెప్పెను. బల్లమీది యినుపముక్కలును, నోరు తెఱచి యడుగలేని సిగ్గును ఆయనను గదిలో బంధించినవి.

నలువదిమూడేండ్లకు, 1931లో, రౌండు టేబుల్ సమావేశమునకై ఆయన రాజపుతానా యను ఓడపై మరల ఇంగ్లాండునకు పోయెను. ఈసారి తన వస్త్రమును, తన మేకపాలను, తన యాహారనియమమును విడువక పోయెను. సిగ్గుపడవలసిన పని యాయనకు గనబడలేదు. ఓడబల్లలు 1888లో నెట్లుండెనో 1931లోను దాదాపు అట్లేయుండెను, మనుష్యుడు మాఱెను. అయినను మన పిల్లలందఱును మహాత్ములగువఱకు ఆకలితో గదిలో కూర్చుండవలయునా? ఒక బాలుడు ధైర్యము తెచ్చుకొనవలయుననుట యెంత న్యాయమో, బల్లయు వాని దిక్కునకు కొంచెము వంగవలయుననుట యంత న్యాయము.

వంగిన బల్లలు చరిత్రలో లేకపోలేదు. నెల్సన్ నౌకాధిపతి 1797లో టెనెరీఫ్ యుద్ధమున కుడిచేతిని గోల్పోయెను. పిమ్మట ఆయన, కత్తియు ఫోర్కును ఒకటిగ జేర్చిన యొక పనిముట్టును ఒంటిచేత బట్టి భుజించెను. ఎడమవైపు ఫోర్కు, కుడివైపు కత్తి యను నియమము ఆయన యెదుట నిలువలేదు. ఎవరును దానిని అమర్యాద యనలేదు. బ్రిటిషు నౌకాదళపు టధికారులు రాజుగారి యారోగ్యమునకై పానము చేయునపుడు కూర్చుండియే చేయుదురు. నేలపై నిలువబడి చేయవలసిన దానిని ఓడలో కూర్చుండి చేయుటకు, పాత యోడలలో తలకు దగులు పొట్టి దూలములే కారణమని చెప్పుదురు. రాజమర్యాదయే యొక దూలమునకు లొంగినపుడు, చేపకత్తి యొక బిడియస్థురాలగు నతిథికి లొంగరాదా?

ఈ విచారణలో తఱచు మఱచిపోబడువారు మఱికొందఱు గలరు. వారు బల్లను అమర్చువారు. 2020 ఫిబ్రవరిలో డైమండ్ ప్రిన్సెస్ అను విహారనౌకను జపానుదేశపు యోకొహామా రేవులో నిలిపివేసిరి. అందులో 3,711మంది యుండిరి. వారిలో 712మందికి కోవిడ్ వ్యాధి సోకినది. ప్రయాణికులు తమ గదులలో నుండగా, పనివారు గదిగదికి భోజనము మోసికొని పోయి తలుపులకడ నందించిరి. పనివారిలో మొదట వ్యాధి కనబడినవారిలో హెచ్చుమంది భోజనపు పనిలో నున్నవారే. ఆ యోడలో నున్న భారతీయులు 138మంది. వారిలో 132మంది పనివారు. ఆ దినములలో తెల్లని బల్లగుడ్డ లేదు, మడచిన చేతిగుడ్డ లేదు, ఫోర్కుల వరుస లేదు. అయినను అంతకంటె గొప్ప యతిథిమర్యాద యే బల్లమీద జరిగినదో మేమెఱుగము. కావున వెలుపలి ఫోర్కు ముందా, లోపలి ఫోర్కు ముందా యని తెలిసియు, వడ్డించువాని ముఖమైనను జూడక చేయి చాచువాడు బల్లమర్యాద నెఱిగినవాడని మేమనము.

ఆరోగ్యమును గూర్చియు నొక మాట. ఓడలవంటి యిఱుకుచోట్ల వాంతులును విరేచనములును గలిగించు నోరోవైరస్ అను క్రిమి శీఘ్రముగ వ్యాపించును. దానికి చేతులపై రాచుకొను మద్యసారపు ద్రవముకంటె సబ్బును నీరును మేలు. ఫోర్కును ఏ చేత బట్టితివని యడుగుటకు ముందు, చేతులు కడిగికొంటివా యని యడుగవలెను. ఈ నియమమును మన పెద్దలు ఫోర్కును జూడకమునుపే మనకు నేర్పియున్నారు.

ఇది మన బాలబాలికలకు దూరపు ముచ్చట యని యెవరైన ననవచ్చును. కాదు. 2022 జూనులో ఎంప్రెస్ అను విహారనౌక విశాఖపట్టణమునకు వచ్చి యిచ్చటినుండి ప్రయాణికులను ఎక్కించుకొని పోయినది. 2023 సెప్టెంబరులో ఆ రేవునందు విహారనౌకలకై ప్రత్యేకముగ నిర్మించిన ప్రయాణికశాలను ప్రారంభించిరి. మన విద్యార్థులలో కొందఱు రేపు అతిథులుగ నోడ యెక్కుదురు. కొందఱు స్టీవర్డులుగ, వంటవారుగ, అధికారులుగ నెక్కుదురు. బల్లకు ఇరుప్రక్కలను మనవారుందురు.

కాబట్టి బాలబాలికలారా, ఈ విద్యను నేర్చుకొనుడు. ఇది యొక గంట పని. కూర్చుండగనే చేతిగుడ్డను విప్పి యొడిలో వేసికొనుడు. ఎడమవైపున ఫోర్కులును, కుడివైపున కత్తులును సూపుచెంచాయు నుండును. ప్రతి వంటకమునకును వెలుపలిదానిని ముందు దీసికొని క్రమముగ లోపలికి రండు. పళ్లెమునకు పైన అడ్డముగ నున్నవి భోజనాంతమున వచ్చు తీపివస్తువునకు. ఎడమవైపునగల చిన్న పళ్లెము మీ రొట్టెది. కుడివైపునగల గ్లాసు మీ నీటిది. తెలియనిచో వడ్డించువానిని మెల్లగ నడుగుడు. అడుగుట తప్పు కాదు. మాంసము తిననివారు ఆ సంగతిని మొదటనే చెప్పుడు. ప్రక్కవాడు పొరపడినచో చూడనట్లుండుడు. ఈ కడపటి నియమము ఏ బల్లమీదను కనబడదు గాని, తక్కిన నియమములన్నియు దీనికొఱకే యున్నవి.

తల్లిదండ్రులకు మా మనవి యేమనగా, మీ పిల్లలు ఫోర్కు పట్టుట నేర్చిరని గర్వపడుటకు ముందు, ఫోర్కు పట్టనేరని తాతను జూచి వారు నవ్వకుందురా యని చూచుకొనుడు. మా యుపాధ్యాయులకును వసతిగృహపు పెద్దలకును ఒక సూచన చేయుచున్నాము. ఏడాదికి రెండుమారులు వసతిగృహములో విద్యార్థులచేతనే ఒకనాడు బల్లను, మఱియొకనాడు విస్తళ్లను నియమముగ వేయించి, సగముమంది వడ్డింపగా సగముమంది భుజించునట్లును, మఱునాడు వారు మాఱునట్లును ఏర్పాటు చేయవలెను. దీనికి వెండి యక్కఱలేదు. మా వంటశాలలోని స్టీలు చెంచాలు చాలును. వడ్డించుటలోని శ్రమను ఒకమారు ఎఱిగినవాడు జన్మలో నెన్నడును వడ్డించువానిని కసరడు.

మొదట చెప్పిన పెద్దామె కథ ముగింపవలసియున్నది. ఆమె కుర్చీనుండి లేవబోవుచుండగా, ఆ బల్లకు వడ్డించు స్టీవర్డు దగ్గఱకు వచ్చి, ఆమెతో నేమియు ననక, ఎవరితోడను జెప్పక, ఆమె యెదుటనున్న పనిముట్లలో నొక చెంచాను మాత్రముంచి తక్కినవానిని నెమ్మదిగ దీసివేసెనట. సూపు ముగియగనే ఆ చెంచాను గొనిపోయి, తరువాతి వంటకమునకు కావలసినదానిని మాత్రము తెచ్చి పెట్టెనట. ఇట్లు కడవఱకును జేసెను. ప్రక్కబల్లవారికి ఏమియు తెలియలేదు. ఆమె నిండుగ భోజనము చేసెను. మఱునాటి సాయంకాలము భోజనశాలకు అందఱికంటె ముందుగ బోయి కూర్చున్నది ఆమెయేనట.

ఓడలో బల్లయమరిక యవసరమా యని యడిగినచో, అవసరమే యని మా యుత్తరము. దానిని బాగుగ నమర్చుట నేర్చినవాడు, అవసరమైనపుడు దానిని తీసివేయుటయు నేర్వవలెను. ఆ స్టీవర్డు ఆ రెండును నేర్చినవాడు.